కర్ణాటక గడి ఖాళీగా ఉంచు

చిన్నీకి,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లల వాటా గురించి ఐదు రాష్ట్రాల చట్టాలు పోల్చి ఒక టేబుల్ చేసే పని నీకిచ్చారట, పదిహేను రోజుల్లో కావాలన్నారట. నా టేబుల్ కింద కూర్చుని లా జర్నళ్ల అట్టలు చింపి పడవలు చేసినదానివి, ఇప్పుడు నువ్వే ఒపీనియన్లు రాస్తున్నావు. మీ పెద్దమ్మ అప్పుడే పక్కింటావిడకి కూడా చెప్పేసింది. నాకు మాత్రం తెల్లవారుజాము దాకా నిద్ర పట్టలేదు.

తెలిసిన సంగతులు గబగబా చెప్పేస్తాను. ప్రశ్నని ఒక్క వాక్యంలో రాసుకో. ముందు ఒక రాష్ట్రం చట్టం ఆసాంతం చదువు, మనదైతే మేలు. మిగతావాటిలో దానికీ వీటికీ ఉన్న తేడాలు మాత్రం వెతుకు, సగం టైమ్ మిగులుతుంది. తెలంగాణకి వేరే గడి పెట్టినా 2014 జూన్ 2కి ముందు కథ ఒకటే, రెండుసార్లు చదవకు. కంప్యూటర్ ఇచ్చిన సారాంశం చదువు, తప్పులేదు. కానీ దాన్ని చూసి గడి నింపావని తెలిస్తే మాత్రం ఊరుకోను.

ఇక అసలు సంగతి. ఇది మీ నాన్నకి కూడా చెప్పలేదు.

1996లో నా ఆఫీసు గుంతకల్లులో ఉండేది. ఒకావిడ వచ్చింది, చేతిలో స్టీలు డబ్బా, దాన్నిండా జామకాయలు. తల్లి ఎప్పుడో పోయింది, తండ్రి ఆ ఏడే పోయాడు. ఇద్దరు అన్నలు. ఈమె పెళ్లి 1992లో. మన జిల్లాలో వేరుశనగ వేసే మెట్ట కొంత, బళ్లారి వైపు తుంగభద్ర కాలువ కింద తొమ్మిదెకరాల మాగాణి. అంతా తాతల నాటి ఉమ్మడి ఆస్తి. మాగాణిలో రెండెకరాలు ఇస్తాం, సంతకం పెట్టమని అన్నలు అడుగుతున్నారు. పెట్టమంటారా సార్ అని ఆవిడ ప్రశ్న.

మన చట్టం నాకు కంఠతా వచ్చు. ఉమ్మడి ఆస్తిలో కూతురికీ కొడుకుతో సమానంగా వాటా ఇస్తూ ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన సవరణ, 1985 సెప్టెంబర్ 5 నుంచి అమలు. ఆ తేదీకి ముందే పెళ్లైన కూతురికి వర్తించదు. ఈమెది 1992 కాబట్టి ఇబ్బంది లేదు. కర్ణాటక సవరణ తీసి చూశాను. మాటలన్నీ మనవాటిలాగే ఉన్నాయి. పైన పేరు చూశాను, హిందూ వారసత్వ (కర్ణాటక సవరణ) చట్టం, 1990. తొంభై కంటే తొంభై రెండు తర్వాతే కదా అనుకున్నాను. అంతే, పుస్తకం మూసేశాను.

"రెండెందుకమ్మా, నీకు మూడెకరాలు వస్తాయి" అన్నాను.

ఆ 1990 బిల్లు నాటి సంవత్సరం. వారసత్వం ఉమ్మడి జాబితాలోది, అంటే కేంద్రమూ రాష్ట్రమూ రెండూ చట్టం చేయగలిగేది. కేంద్ర చట్టాన్ని రాష్ట్రం మార్చాలంటే రాష్ట్రపతి ఆమోదం కావాలి. అది వచ్చి అమల్లోకి వచ్చేసరికి 1994 జూలై 30 అయింది. అంటే ఆవిడ పెళ్లి చట్టానికి ముందే అయిపోయింది. అన్నలతో సమానంగా పుట్టుకతో వచ్చే వాటా బళ్లారి భూమిలో లేదు. తొమ్మిదెకరాలు తండ్రికీ ఇద్దరన్నలకీ తలా మూడు. ఆ తండ్రి మూడెకరాల్లో మూడో వంతు, ఒక్క ఎకరం, అంతే ఆవిడది.

అది కోర్టులో అవతలి వకీలు గెజిట్ తీసి చూపించేదాకా నాకు తెలీదు. చాలా పెద్దమనిషి, నవ్వలేదు కూడా. రాజీకి మళ్లీ ప్రయత్నించాను, అన్నలు అప్పటికే మొండికేశారు. 2001లో పంపకం డిక్రీ అయింది. ఒక్క ఎకరం వచ్చింది. ఆ సాయంత్రం ఆవిడ ఆఫీసుకి వచ్చి, "మీరు చెప్పారనే కదా సార్ సంతకం పెట్టలేదు" అంది. తిట్టినా బాగుండేది. నాకు నోరు పెగల్లేదు. ఫీజు వెనక్కిచ్చాను, తీసుకోలేదు.

2005 సెప్టెంబర్ 9న కేంద్రమే దేశమంతటా కూతుళ్లకి సమాన హక్కు ఇచ్చింది. పేపర్లో చదివి ముందు ఆవిడే గుర్తొచ్చింది. కింద ఇంకో సంగతి ఉంది. 2004 డిసెంబర్ 20కి ముందు రిజిస్టరయిన పంపకాలనీ కోర్టు డిక్రీలనీ కదపరాదని. 2020లో సుప్రీంకోర్టు వినీతా శర్మ కేసులో, 2005 నాటికి తండ్రి బతికి లేకపోయినా కూతురికి హక్కుందని చెప్పింది. అప్పుడూ ఆ పాత డిక్రీల జోలికి పోలేదు. అందుకే చిన్నీ, కేంద్ర చట్టం వచ్చింది కదా, ఈ పాత తేదీలెందుకు అనకు.

ప్రతి రాష్ట్రానికీ చట్టం పేరులోని ఏడు ఒక గడిలో, అమలు తేదీ ఇంకో గడిలో రాయి. తమిళనాడు 1989 మార్చి 25, మహారాష్ట్ర 1994 జూన్ 22. మనది కూడా నంబరు చూస్తే 1986లోని 13వ చట్టం, అమలు మాత్రం 1985 నుంచి. పెళ్లైన కూతురి సంగతికి వేరే గడి పెట్టు. కేరళ దగ్గర నీ 'వాటా ఉందా, లేదా' అన్న గడి పనికిరాదు. వాళ్లు 1976 డిసెంబర్ 1 నుంచి ఉమ్మడి కుటుంబాన్నే రద్దు చేశారు. అక్కడ రెండు వాక్యాలు రాయాల్సిందే, టేబుల్ అందం పోయినా సరే.

రాత్రి పన్నెండు తర్వాత గడులు నింపకు. నిద్రమత్తులో 1990కీ 1994కీ తేడా కనపడదు. ఏదో బ్రెడ్డు ముక్కతో సరిపెడుతున్నావని మీ అమ్మ చెప్పింది. మీ పెద్దమ్మ వేరుశనగ పొడి కొట్టింది, శనివారం బస్సుకి పంపుతాను. వేడన్నంలో కలుపుకుని తిను.

టేబుల్ తయారయ్యాక ప్రింటు తీసి పంపు, ఫోన్లో అక్షరాలు నాకు ఆనవు. కర్ణాటక గడి మాత్రం ఖాళీగా వదిలెయ్. అది నేను నా చేత్తో నింపి పంపుతాను.

మీ పెద్దనాన్న