సంక్రాంతికి వద్దు, జులైలో వెళ్లండి

ప్రశ్న: మా అబ్బాయి ఆస్ట్రేలియాలో, డార్విన్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. సంక్రాంతికి రమ్మంటున్నాడు, కకాడు నేషనల్ పార్కు చూపిస్తాడట. మావారికి మోకాళ్ల నొప్పులు. నాకేమో మొసళ్లంటే టెన్షన్. అంత దూరం వెళ్లి చూడాల్సినంత ఏముందక్కడ?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: అబ్బాయిని చూడాలంటే ఎప్పుడైనా వెళ్లండమ్మా. కకాడు చూడాలంటే మాత్రం జూన్, జులైలో వెళ్లండి. మనం ముగ్గులేసుకునే రోజుల్లో అక్కడ కుంభవృష్టి. పాత రాతి బొమ్మలున్న ఉబిర్ కొండకి పోయే రోడ్డు వాగు పొంగి మూసేస్తుంటారు. ఉబిర్ లేకపోతే సగం కకాడు లేనట్టే.

అక్కడి ఆదివాసులు ఉత్తరాన బినింజ్, దక్షిణాన ముంగ్గుయ్. వాళ్లకూ మనలాగే ఆరు రుతువులు. కాకపోతే మనం ఏ రుతువో చెప్పాలంటే పంచాంగం తీయాలి. వాళ్లు నేల చూసి చెబుతారు. ఏప్రిల్ గాలివానకు నిలువెత్తు గడ్డి పడిపోయిందా, అది బంగ్గెరెంగ్. మా తాత మృగశిర, ఆరుద్ర అంటూ కార్తెలతో సేద్యం లెక్క చెప్పేవాడు, అదే తీరు. ఆ పార్కును చూసుకునేదీ ప్రభుత్వంతో పాటు వాళ్లే. దాదాపు 20 వేల చదరపు కిలోమీటర్లు. 1981లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది, ప్రకృతికీ సంస్కృతికీ కలిపి.

ఇక మొసళ్లు. ఉన్నాయి, ఉప్పునీటి మొసళ్లు. నీళ్ల అంచుకు పోవద్దు, బోర్డు లేకపోయినా సరే. ఎల్లో వాటర్ అనే మడుగులో తెల్లవారుజామున పడవెక్కండి, మోకాళ్లకు పని ఉండదు. మొసలి గట్టున దుంగలా పడి ఉంటుంది, పక్కనే మన తామరలే, అదే జాతి. ఇంకో తమాషా. ఈస్ట్ ఆలిగేటర్ అని అక్కడో నది, అందులో ఆలిగేటర్ (మొసలిలాంటిదే, కానీ వేరే జంతువు) ఒక్కటీ లేదు! పూర్వం ఓ ఇంగ్లీషు నావికుడు మొసళ్లను చూసి పొరబడి పెట్టిన పేరు. ముప్పై ఏళ్లు విజయవాడలో జంతుశాస్త్రం పాఠం చెప్పినదాన్ని, ఈ పేరు విన్నప్పుడల్లా ఎర్ర పెన్ను తీయాలనిపిస్తుంది.

ఉబిర్‌లో కొండరాయి చూరు కింద బొమ్మలుంటాయి. మనం గోడలకు పూసే జాజు రంగు. ఓ చేప దగ్గర ఆగిపోయాను. ఒళ్లు చీల్చినట్టు లోపలి వెన్నుముల్లు, పక్క ముళ్లు, పేగులతో సహా గీశారు. ఎక్స్‌రే చిత్రాలంటారు వాటిని. ఆ చేప బర్రమండి, అంటే మన పండుగప్ప! బెజవాడ మార్కెట్లో కోయించుకునేటప్పుడు కనిపించేవన్నీ అందులో ఉన్నాయి. ఇంకోచోట, ఆ గడ్డ మీద వేల ఏళ్ల కిందటే అంతరించిన చారల జంతువు థైలసీన్ బొమ్మ. చూసినవాడే గీసి ఉండాలి కదా! చేత్తో మాత్రం తాకొద్దు. ఫొటో వద్దని బోర్డు ఉన్నచోట ఫోన్ సంచిలో పెట్టేయండి.

బొమ్మల చుట్టూ దారి కిలోమీటరే, నడవొచ్చు. గుట్ట పైకి చివరి 250 మీటర్లు మాత్రం నిటారు. మావారివీ మీవారి మోకాళ్లే, కింద నీడలో పండుగప్ప ముందే కూర్చుండిపోయారు. నేను పైనుంచి వరద మైదానమంతా చూసి ఆయాసపడుతూ దిగొస్తే, ఆయన అడిగింది ఒక్కటే: "దీన్ని పులుసు పెట్టేవాళ్లంటావా, కాల్చుకునేవాళ్లంటావా?"