మానేయమనకండి, ముందు ఆ తేదీ మార్చమనండి

ప్రశ్న: మా ఆయన బైక్ రేసర్. పోయిన సీజన్ చివర్లో పడి కుడి చెయ్యి విరిగింది, ప్లేటు వేశారు. ఇంకొన్ని నెలలు ఆగమని డాక్టర్ అంటుంటే, ఆగితే టీమ్‌లో తన సీటు వేరేవాళ్లకి పోతుందని, మొదటి రేసుకే దిగుతానంటున్నారు. పైగా వచ్చే ఏడాది ఐల్ ఆఫ్ మ్యాన్ దీవిలో మామూలు రోడ్ల మీద జరిగే టీటీ రేసుకి కూడా వెళ్తారట. మాకు నాలుగేళ్ల పాప. నాకు భయమేస్తోందంటే 'రేసు ముందు ఇవన్నీ మాట్లాడి టెన్షన్ పెట్టకు' అంటారు. బైకో నేనో తేల్చుకోమని చెప్పేయాలనుంది. తప్పా?

సలహా: అలా అనిపించడం తప్పు కాదమ్మా. కానీ ఆ మాట ఇప్పుడే అనకండి. మీ ఉత్తరంలో మూడు వేరు వేరు విషయాలున్నాయి: మానని చెయ్యి, టీటీ, ఆయన మొత్తం కెరీర్. మూడూ కలిపి ఒకేసారి ముందు పెడితే ఆయన మూడోదాన్నే పట్టుకుని కొట్లాడతారు, అసలు తొందరగా తేలాల్సిన మొదటిది పక్కకి పోతుంది.

ముందు చెయ్యి సంగతి. ప్రపంచ ఛాంపియన్ బైక్ రేసర్ మార్క్ మార్కెజ్‌కి ఏం జరిగిందో మీ ఆయనకి తప్పకుండా తెలిసే ఉంటుంది. 2020 జూలైలో స్పెయిన్‌లోని హెరెజ్ ట్రాక్ మీద పడి కుడి చేతి పై ఎముక విరిగింది, మంగళవారం ఆపరేషన్, శనివారానికల్లా మళ్లీ బైక్ మీద. ట్రాక్ డాక్టర్ల పరీక్ష పాసయ్యే ఎక్కారు, అది గుర్తుపెట్టుకోండి. నడపలేక ఆ రేసు నుంచి తప్పుకున్నారు, తర్వాత ఇంట్లో కిటికీ తెరవబోతే ప్లేటు దెబ్బతింది. ఆ సీజన్ అంతా పోయింది, ఆ చేతికి మొత్తం 4 ఆపరేషన్లు అయ్యాయి, 2019 తర్వాత మళ్లీ ప్రపంచ టైటిల్ చేతికొచ్చింది 2025లో. అంతటి రైడర్‌కే తొందరపాటు అంత ఖరీదైంది.

కాబట్టి మీరు అడగాల్సింది ఒక్క తేదీ గురించి. ఆపరేషన్ చేసిన డాక్టర్ దగ్గరికి ఇద్దరూ కలిసి వెళ్లండి. 'రేసు చేయొచ్చా' అని అడిగితే సరైన జవాబు రాదు. స్కాన్‌లో ఎముక పూర్తిగా అతుక్కుందా, గట్టిగా బ్రేక్ పట్టినప్పుడు ఒంటి బరువంతా చేతుల మీదకి వస్తుంది కదా, అది ఈ చెయ్యి రేసు పొడవునా తట్టుకుంటుందా, అదే చేతి మీద మళ్లీ పడితే ఏమవుతుంది? ఇవి అడగండి, ఆయన వినేలా అడగండి. సీటు పోతుందన్న భయం మాత్రం కొట్టిపారేయకండి. అది నిజమైన భయమే, చాలామంది రైడర్ల ఒప్పందాలు ఏడాదికో రెండేళ్లకో ముగిసిపోతాయి, ట్రాక్ మీద కనిపించనివాళ్లని టీములు తొందరగా మర్చిపోతాయి. అందుకే డాక్టర్ చెప్పింది విన్నాక ఆయన్నే టీమ్‌తో మాట్లాడమనండి. మొదటి కొన్ని రేసులకి వేరే రైడర్‌ని పెట్టుకుని, సీటు ఆయనదేనని రాతపూర్వకంగా ఇవ్వగలరేమో అడగమనండి.

టీటీ వేరే సంగతి. సర్క్యూట్‌లో పడితే జారిపోవడానికి చోటుంటుంది. అక్కడ 60 కిలోమీటర్ల మామూలు రోడ్డు, పక్కనే గోడలు, స్తంభాలు. 1911 నుంచి ఆ కోర్సు మీద 250 మందికి పైగా రైడర్లు చనిపోయారు. ఈ లెక్క మీకు చెబుతున్నాను గానీ ఆయనకి మీరు చెప్పకండి, ఈ లెక్కలన్నీ ఆయనకి మీకంటే బాగా తెలుసు, వాటితో ఎవరూ రేసు మానరు. ఇటలీ రేసర్ జాకొమో అగొస్తిని పేరు ఎత్తండి. అక్కడ 10 సార్లు గెలిచిన మనిషి. 1972లో తోటి రైడర్ పార్లొత్తి అక్కడ చనిపోయాక ఇక ఆ రోడ్డు మీద నడపనన్నారు, నడపలేదు. రేసింగ్ మాత్రం మానలేదు, 1975లో కూడా ప్రపంచ ఛాంపియన్ అయ్యారు. ఒక్క రోడ్డుకి వద్దంటే రేసర్ కాకుండా పోరు. నేనైతే ఈ విషయంలో మీరు గట్టిగానే నిలబడాలంటాను.

రేసు వారంలో మాట్లాడొద్దనడం న్యాయమే, తల నిండా ఆందోళనతో బైక్ ఎక్కడం ఇంకా ప్రమాదం. కానీ ఆ నిషేధం ఏడాదంతా ఉండకూడదు. రేసు లేని ఒక రోజు చెప్పమనండి, ఆ రోజు మాత్రం వాయిదా వేయనివ్వకండి, పాపని అడ్డం పెట్టి ఒప్పించే ప్రయత్నం కూడా చేయకండి. ఆ రోజే ఇన్సూరెన్స్ కాగితాలు తీయండి. చాలా పాలసీల్లో మోటార్ రేసింగ్‌కి కవర్ ఉండదు, మీది ఎలా ఉందో ఇద్దరికీ తెలియాలి. పడితే మీకు ముందు ఫోన్ చేసేది టీమ్‌లో ఎవరో కూడా తేల్చుకోండి, ఆ వార్త మీరు టీవీలో చూడకూడదు.

ఇక మానడం గురించి. కేసీ స్టోనర్ రెండుసార్లు ప్రపంచ ఛాంపియన్ అయ్యాక, 2012 చివర్లో, 27 ఏళ్లకే ఆపేశారు, అది ఆయనకై ఆయన తీసుకున్న నిర్ణయం. మీ ఆయన నుంచి కూడా అది అలాగే రావాలి, లేకపోతే ఆ వెలితికి మిమ్మల్నే కారణంగా చూస్తారు. బైక్ లేకపోతే తను ఎవరన్న ప్రశ్నకి ఆయన దగ్గర ఇంకా జవాబు లేదేమో. కోచింగా, టీమ్ పనా, ఇంకేదైనానా, ఇప్పటి నుంచే మెల్లగా మాట్లాడుకోవచ్చు.

ఇవన్నీ చేశాక కూడా ఆయన డాక్టర్ మాట దాచిపెట్టి బైక్ ఎక్కితే, అప్పుడు సమస్య రేసింగ్ కాదు, మీతో నిజం చెప్పకపోవడం. అలాంటప్పుడు పాపతో కొన్నాళ్లు విడిగా ఉండాలనుకోవడంలో తప్పులేదు. ముందు స్కాన్ చేయించండి, డాక్టర్ ఏమన్నారో, ఆయన ఏమన్నారో నాకు మళ్లీ రాయండి.