రన్ అంటే పరుగెత్తడమేనా?

సందేహం: మా అమ్మాయి ఏడో తరగతి, ఇంగ్లీషు మీడియం. ఇంగ్లీషు వాక్యాలకు తెలుగు రాసుకు రమ్మంటే ‘మై నోస్ ఈజ్ రన్నింగ్’ అన్నదానికి ‘నా ముక్కు పరుగెత్తుతోంది’ అని రాసింది. డిక్షనరీలో మొదటి అర్థం అదే కదా అంటోంది. ఒక్క మాటకు ఇన్ని అర్థాలు ఎలా వచ్చాయి? అన్నిటికీ సరిపోయే మాట తెలుగులో లేదా? ఇంకొకటి: పరుగెత్తు, పరిగెత్తు – వీటిలో ఏది ఒప్పు?
– ఒక తల్లి, కావలి

సమాధానం: మీ అమ్మాయి డిక్షనరీ తెరిచి చూసింది. ఆ అలవాటు మాత్రం మానిపించకండి. మొదటి అర్థం దగ్గర ఆగిపోకుండా కిందిదాకా చదవమనండి, అంతే. ‘నా ముక్కు కారుతోంది’ అని ఇంట్లో రోజూ అనే పిల్లే, పుస్తకం ముందు కూర్చోగానే ఆ మాట మర్చిపోయింది. పెద్దవాళ్ళు చేసే అనువాదాల్లోనూ ఇదే చూస్తున్నాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ఆక్స్‌ఫర్డ్ వారి పెద్ద ఇంగ్లీషు నిఘంటువు 1989 ముద్రణలో అన్నిటికంటే పొడుగైన వివరణ ‘సెట్’ అనే మాటది. తర్వాత ఆ నిఘంటువును సవరిస్తూ వచ్చినవారు ‘రన్’ దగ్గరికి చేరేసరికి, క్రియగానే దానికి 645 అర్థాలు తేలాయని 2011లో వార్తలొచ్చాయి. అన్ని అర్థాలకూ మూలం చిన్నదే. పాత ఇంగ్లీషులో ఈ ధాతువుకు కాళ్ళతో పరుగెత్తడం, నీళ్ళు ప్రవహించడం రెండూ అర్థాలే. ముక్కు కారడం ఆ రెండో దాని నుంచి వచ్చింది. మిల్లులు, రైళ్ళు, ఇంజన్లు వచ్చాక యంత్రం పనిచేయడమూ రన్నే అయింది. కంప్యూటర్లు వచ్చాక ప్రోగ్రాములూ అందులో చేరాయి.

మనకు అలాంటి మాట లేదని బాధపడనక్కర్లేదు. మన ‘పారు’ సంగతి చూడండి. పూర్వం దీన్ని బండి ఱతో పాఱు అని రాసేవారు. నెల్లూరులో మనుమసిద్ధి కొలువులో తిక్కన ఉన్న 13వ శతాబ్దపు తెలుగులో పాఱడమంటే నీరు ప్రవహించడమే కాదు, మనిషి పరుగెత్తడం కూడా. అచ్చంగా ఇంగ్లీషు మాటకున్న జంట అర్థమే మన మాటకూ ఉండేది. ఇప్పుడు ఆ పరుగు అర్థం ‘పారిపోవడం’లో మిగిలింది. నీళ్ళ అర్థం మాత్రం బలంగా ఉంది. చూపు పారినంత మేర, పాచిక పారింది, ఎత్తు పారలేదు లాంటివీ ఈ మాటతో పుట్టుకొచ్చినవే. సోమశిల జలాశయం నుంచి నీళ్ళు వదిలే కాలంలో మన రైతులు ‘ఈ కాలవ కింద ఎన్నెకరాలు పారతాయి?’ అంటారు. పారేది నీళ్ళు. అయినా వాక్యంలో కర్త ఎకరాలే! రన్‌తో ఈ వాక్యం కుదరదు.

కాలవల మాట వచ్చింది కాబట్టి ఇంకొక తేడా చెప్పాలి. ఇంగ్లీషులో కాలవ రన్ అవుతోందంటే అందులో నీళ్ళు కదులుతున్నాయనీ కావచ్చు, ఆ కాలవ ఫలానా ఊళ్ళ మీదుగా ఉందనీ కావచ్చు. తెలుగు ఈ రెంటినీ కలపదు. బకింగ్‌హాం కాలువ తీరం వెంబడి ‘పోతుంది’, అందులో నీరు ‘పారుతుంది’. పదహారో నంబరు జాతీయ రహదారీ నెల్లూరు, కావలి, ఒంగోలు మీదుగా పోతుంది. రహదారి పరుగులు తీస్తుందని రాసేవారున్నారు. నాకది రుచించదు, కవిత్వంలో అయితే సరే.

తమిళం చెవిన పడే నెల్లూరు వారికి ఇంకో సంగతి తెలిసే ఉంటుంది. పరుగెత్తడానికి తమిళులు వాడే ‘ఓడు’ చాలావరకు రన్ లాగే పనిచేస్తుంది. ఏరు, బండి, ఫ్యాను, సినిమా – అన్నీ వాళ్ళకు ఓడేవే. మనం ఒక్కోదానికి ఒక్కో క్రియ ఎంచుకున్నాం. ఏరు పారుతుంది, బండి నడుస్తుంది, ఫ్యాను తిరుగుతుంది, సినిమా ఆడుతుంది. అందుకే రన్‌కు తెలుగు వెతికేటప్పుడు ముందుగా చూడాల్సింది కర్త. పరుగెత్తేది ఏమిటో తెలిస్తే క్రియ దానంతటదే నోటికొస్తుంది.

నాకు వీటిలో ‘ఆడు’ అంటే మరీ ఇష్టం. అటూ ఇటూ కదలడం దాని మూలార్థం. సినిమా వంద రోజులు ఆడింది, మిల్లు ఆడుతోంది, వడ్లు ఆడించుకొచ్చారు, గాలి ఆడటం లేదు, ఊపిరి ఆడలేదు, చేతిలో డబ్బు ఆడుతోంది. ‘నడుచు’, ‘తిరుగు’ మధ్య తేడా కూడా గమనించదగ్గది. సమ్మె రోజున కందుకూరు బస్సులు నడవడం లేదంటాం. మామూలు రోజుల్లో ఆ రూట్లో ఎన్ని బస్సులు తిరుగుతున్నాయని అడుగుతాం. మొదటిది సర్వీసు ఉందా లేదా అన్న విషయం, రెండోది వచ్చిపోయే లెక్క. రొయ్యల చెరువులో నీటికి గాలి పట్టించే ఏరియేటర్లు తిరుగుతున్నాయా లేదా అనేది రాత్రంతా టెన్షన్ పెట్టే ప్రశ్న. అక్కడ ‘నడుస్తున్నాయా’ అన్నా తప్పు కాదు గానీ, కంటికి కనిపించేది తిరగడమే.

‘షాపు రన్ చేస్తున్నాడు’ అనే వాక్యం ఈమధ్య ఎక్కువైంది. అంగడి నడుపుతున్నాడు, టిఫిన్ సెంటర్ పెట్టుకున్నాడు అనే మాటలుండగా దీని అవసరం నాకు కనిపించదు. సంసారం విషయానికొస్తే మన దగ్గర ఇంకా సూక్ష్మం ఉంది. బాగా జరిగితే నడుపుతున్నాడు, కష్టంగా ఉంటే నెట్టుకొస్తున్నాడు, మరీ కష్టమైతే ఈడ్చుకొస్తున్నాడు. ఈ తేడాలేవీ రన్‌లో పలకవు. కంప్యూటర్ ప్రోగ్రాం రన్ చేయడం మాత్రం అందరికీ అర్థమైన మాట, దాన్ని మార్చమని నేను చెప్పను. క్రికెట్‌లో రన్‌ను మనవాళ్ళు ‘పరుగు’ అని నేరుగా తెచ్చుకున్నారు, అది చక్కగా అతికింది. రనౌట్‌ను అలాగే ఉంచుకున్నారు.

మిగతావి మీ అమ్మాయి సొంతంగా పట్టుకోగలదు. ఎన్నికల్లో అమెరికా వాళ్ళు రన్ చేస్తారు, బ్రిటన్ వాళ్ళు నిలబడతారు. మనమూ నిలబడతాం, లేదా పోటీ చేస్తాం. దారిలో ఎవరినన్నా ‘రన్ ఇంటూ’ అయితే ఎదురుపడ్డారనో తారసపడ్డారనో అంటాం. ఉతికిన గుడ్డ రంగు ‘రన్’ అయితే రంగు దిగిందంటాం. ‘రన్ ఎ ఫీవర్’ అంటే జ్వరం కాస్తోందంటాం. సరుకు ‘రన్ అవుట్’ అయితే అయిపోయిందంటాం, బియ్యమైతే ‘నిండుకున్నాయి’ అంటాం. ఇంట్లో బియ్యం అయిపోయాయనడానికి నోరు రాక పెద్దవాళ్ళు తెచ్చుకున్న మాట అది. పిల్లలకు తప్పక నేర్పండి. ఒక గుణం వంశంలో ‘రన్’ అవుతుంటే వంశపారంపర్యంగా వస్తోందంటాం. ఇందులోని పారంపర్యం సంస్కృతం, మన పారుకూ దానికీ చుట్టరికం లేదు.

ఇక నిజంగా కాళ్ళతో పరుగెత్తడానికే ఎన్ని మాటలో! తెలంగాణలో ఉరుకుతారు. మన వైపు పల్లెల్లో ‘లగెత్తు’ వినిపిస్తుంది. దౌడు తీయడం ఉర్దూ నుంచి వచ్చింది, గుర్రానికి బాగా నప్పుతుంది.

మీ చివరి ప్రశ్న: పరుగు, ఎత్తు కలిసి పరుగెత్తు అయింది. వాడుకలో అది పరిగెత్తు అయింది. మాట్లాడేటప్పుడూ కథల్లోనూ రెండూ ఒప్పే. పరీక్ష పేపర్లో మాత్రం ‘పరుగెత్తు’ అని రాయమనండి. అలా రాస్తే తప్పని దిద్దేవారు ఎవరూ ఉండరు.