స్టేటస్ కాలమ్ తీసెయ్, చేతులు మారింది గీయి

అమ్మాయీ,

కుర్చీల వ్యాపారం లెక్కల సాఫ్ట్‌వేర్‌కి నువ్వు పంపిన డిజైన్ చూశాను. స్క్రీన్లు బాగా కుదిరాయి. ఆర్డర్ టేబుల్లో ఆ స్టేటస్ కాలమ్ దగ్గరే నాకు పేచీ. 'వచ్చింది, పంపాం, డబ్బు ముట్టింది' అని మూడు మాటలు పెట్టావు. వ్యాపారం అందులో ఇమడదు.

ఒక్క ఆర్డర్ తీసుకో. 100 కుర్చీలు కావాలన్నారు, కొంత అడ్వాన్సు ఇచ్చారు. మనం 60 పంపితే, అందులో 2 విరిగి వెనక్కొచ్చాయి. మిగతా 40 తర్వాత వెళ్లాయి. చివరికి పార్టీ ఈ ఆర్డర్‌కీ పాత బాకీకీ కలిపి ఒకేసారి డబ్బు కట్టింది. ఇప్పుడు స్టేటస్ ఏం రాస్తావు? ఏం రాసినా సగం అబద్ధమే. 'కొంత పంపాం', 'కొంత ముట్టింది' అని కొత్త మాటలు ఎన్ని చేర్చినా, ఎవరు ఎవరికి ఎంత ఇవ్వాలి అన్న అసలు ప్రశ్నకు జవాబు దొరకదు.

అందుకే ముందు ఏం చేతులు మారిందో గీయి. అకౌంటింగ్ ప్రొఫెసర్ విలియం మెకార్తీ 1982లో ప్రతిపాదించిన ఆర్‌ఈఏ (రిసోర్సులు, ఈవెంట్లు, ఏజెంట్లు) నమూనా ఇదే చెబుతుంది. కుర్చీలు, డబ్బు, పనిగంటలు వనరులు. అవి చేతులు మారడం సంఘటన. ఇచ్చేవాళ్లు, పుచ్చుకునేవాళ్లు పాత్రధారులు. ప్రాణమంతా జంటలో ఉంది: ఇచ్చిన దానికి బదులుగా వచ్చేది ఒకటి ఉండి తీరాలి. బొమ్మలో ఒంటరిగా నిలబడ్డ సంఘటన కనిపిస్తే, నువ్వేదో అడగడం మర్చిపోయావన్నమాట. (పన్నుల దగ్గర మాత్రం జంట వెతకడం నాకు కాస్త సాగదీతగానే అనిపిస్తుంది.)

ఆర్డర్ సంఘటన కాదు, ఇచ్చిపుచ్చుకున్న మాట. కుర్చీలిస్తామని మనం, డబ్బిస్తామని వాళ్లు. ఆ మాటకీ డెలివరీకీ మధ్య ఒక లింకు టేబుల్ పెట్టి, ఏ డెలివరీలో ఎన్ని కుర్చీలు ఆ మాట కింద చెల్లాయో అందులో రాయి. డెలివరీకీ చెల్లింపుకీ మధ్య ఇంకో లింకు, ఎంత మొత్తమో కూడా వేసి. అప్పుడు ఒకే చెల్లింపు రెండు ఆర్డర్లకు పంచుకోవడం మామూలు సంగతైపోతుంది. విరిగిన రెండిటి కోసం టేబుల్లో పాత డెలివరీ వరసను (రో) దిద్దకు. వెనక్కి రావడం మరో సంఘటన, దానికో వరస.

ఇక బకాయిని ఎక్కడా కాలమ్‌గా దాచొద్దు. వాళ్లకు చేరిన సరుకు విలువకీ మనకు ముట్టిన డబ్బుకీ తేడానే బకాయి. అడ్వాన్సు వచ్చిన రోజు అదే తేడా తిరగబడి, మనమే బాకీ ఉన్నట్టు చూపిస్తుంది. రెండిటికీ ఒకటే లెక్క. స్పీడు కోసం తర్వాత ఎక్కడైనా దాచుకోవాల్సి వస్తే దాచుకో, కానీ ఎప్పుడైనా మొదటి నుంచి మళ్లీ లెక్కగట్టగలిగేలా ఉండాలి.

డెబిట్, క్రెడిట్ ఎక్కడున్నాయని అకౌంటెంట్ గారు అడిగి తీరతారు. 1494లో ఇటలీ గణితవేత్త లూకా పచోలీ ఆ జంట పద్దుల పద్ధతిని అచ్చువేయించిన నాటి నుంచి పుస్తకాల్లో వాటి రాజ్యమే కదా! వాదన పెట్టుకోకు. నీ సంఘటనల నుంచే ట్రయల్ బ్యాలెన్స్, అంటే డెబిట్లూ క్రెడిట్లూ సరితూగాయో చూపే ఖాతాల పట్టిక, తీసి చేతిలో పెట్టు. తరుగుదల (వాడేకొద్దీ ఆస్తి విలువ తగ్గడం) లాంటివాటికి మాత్రం ఆయన్నే అడిగి విడిగా నియమాలు రాసుకో.

తనిఖీలు, ఆమోదాలు, ఫోన్లు ఈ బొమ్మలోకి రానివ్వకు. అవి పని నడిచే తీరు, వాటికి బీపీఎంఎన్ బొమ్మ (పనిలో అడుగులు వరసగా చూపేది) వేరే ఉంది. రేపు ఆమోదం ఒకరి బదులు ఇద్దరివ్వాలని రూలు మారిస్తే, డెలివరీ టేబుల్ జోలికి వెళ్లాల్సిన పని పడకూడదు. తయారీ మాత్రం ఇందులోకే వస్తుంది. కలప, శ్రమ ఖర్చయి కుర్చీ పుడుతుంది, అదీ జంటే. బయటి పార్టీ ఉండదు, అంతే.

వివరాలు అడిగేటప్పుడు 'మీరేం చేస్తారు' అనకు, పాత సాఫ్ట్‌వేర్ స్క్రీన్లన్నీ వరసగా చదివి వినిపిస్తారు. 'ఇది బయటికెళ్తే మనకేం వస్తుంది? రాకపోతే ముందుగా ఎవరికి తెలుస్తుంది?' అని అడుగు. మేనేజర్ కంటే గోడౌన్ చూసేవాళ్ల దగ్గర నిజాలెక్కువ దొరుకుతాయి.

ముందు రిటర్న్‌ల బొమ్మ గీసి పంపు. విరిగిన కుర్చీకి బదులు కొత్తది ఇవ్వడం, బాకీలో తగ్గించడం రెండూ వేర్వేరు బొమ్మలు. అక్కడ ఏది నడుస్తోందో కనుక్కో. రెండూ నడుస్తున్నాయనే నా అనుమానం.

ఆశీస్సులతో,
మామయ్య