చేపల గుంపా, మందా, బడా?

సందేహం: మా పాపకి కొన్న ఒక అనువాద పుస్తకంలో "చేపల బడి ఈదుకుంటూ వచ్చింది" అని ఉందండి. ఇంగ్లిష్‌లో స్కూల్ అంటారు కాబట్టి అలా రాసేశారేమో. తెలుగులో గుంపు అనాలా, మంద అనాలా? ఇంకోటి, "చేపల గుంపు వెళ్తోంది" కరెక్టా, "వెళ్తున్నాయి" కరెక్టా?

సమాధానం: బడి అని మాత్రం రాయకూడదండి. ఇంగ్లిష్‌లో చేపలకి వాడే స్కూల్ వేరు, చదువుకునే స్కూల్ వేరు. స్పెల్లింగ్ కలిసింది గానీ పుట్టుక కలవలేదు. చేపలది డచ్ భాష నుంచి వచ్చింది, అక్కడ దానికి అర్థమే గుంపు. చదువుది గ్రీకులో పుట్టి లాటిన్ మీదుగా వచ్చింది. పిల్లల పుస్తకంలో ఇలాంటిది పడితే ఆ పిల్ల జీవితాంతం అదే తెలుగనుకుంటుంది, అందుకే నాకు బాధ.

గుంపు అనండి, ఏ అనుమానం అక్కర్లేదు. మంద దగ్గర మాత్రం కాస్త ఆగాలి. గొర్రెల మంద, మేకల మంద, ఆవుల మంద అంటాం కదా, ఇవన్నీ ఒకరు కాస్తే మేసేవి, ఒకరు తోలితే కదిలేవి, అందుకని మంద అనగానే వెనకాల ఒక కాపరి ఉన్నట్టే వినిపిస్తుంది. సముద్రంలో కవళ్లో కానాగంతలో వేలకి వేలు కలిసి పోతుంటాయి చూడండి, వాటిని తోలేవాడు లేడు, ఇటు తిరగండి అని చెప్పే నాయకుడూ లేడు, ప్రతి చేపా తన పక్కనున్న నాలుగైదింటిని గమనించుకుంటూ మరీ రాసుకోకుండా, మరీ దూరం పోకుండా, అవి తిరిగిన వైపే తిరుగుతూ ఉంటుంది, అంతే. 1987లో క్రెయిగ్ రేనాల్డ్స్ అనే ఆయన కంప్యూటర్‌లో ఉత్తుత్తి పక్షులకి ఇంచుమించు ఈ మూడు రూల్సే ఇచ్చి వదిలితే అవి నిజం గుంపులాగే కదిలాయి.

(కానాగంతల పేరెత్తాం కాబట్టి ఒక మాట. ఆ చేప శాస్త్రనామం రాస్ట్రెల్లిగర్ కనగుర్త. పాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లాండ్ వైద్యుడు విశాఖపట్నంలో సేకరించిన చేపల బొమ్మలతో 1803లో వేసిన పుస్తకంలో మనవాళ్లు పిలిచే పేరే రాసుకున్నాడు, ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు క్యువియే 1816లో దాన్నే శాస్త్రనామంలోకి తీసుకున్నాడు. మన తీరం మాట ప్రపంచమంతా వాడుతోంది, ఇది మన పిల్లలకి చెప్పాలి.)

పక్కవాటిని గమనించడం అంటే కళ్లతో ఒక్కటే కాదు. ఈసారి మార్కెట్లో బొచ్చెనో శీలావతినో తీసుకున్నప్పుడు పక్క నుంచి చూడండి, తల వెనక మొదలై తోక దాకా సన్నగా ఒక గీత ఉంటుంది, ఆ గీత మీది పొలుసులకి చిన్న చిన్న రంధ్రాలుంటాయి. నీళ్లలో పక్క చేప తోక ఊపిన అలజడి దానికి అక్కడే తెలుస్తుంది. 1976లో సెయిత్ అనే చేపల్ని ఐదింటిని తీసుకుని కళ్లకి మూతలు పెట్టి 25 మామూలు చేపల్లో వదిలితే అవి చక్కగా గుంపులో ఇమిడిపోయాయి, ఆ గీత పనిచెయ్యకుండా చేశాక మాత్రం ఇమడలేకపోయాయి.

ఇక గుంపు కట్టేది ఎందుకంటే ముఖ్యంగా ప్రాణం కోసమే. వేటాడే చేప ఒకదాని మీద గురి పెట్టేలోపు పక్కనుంచి ఇంకో పది తళుక్కుమంటాయి, ఆ తికమకలో గురి తప్పుతుంది. 1974లో నీల్, కల్లెన్ అనే ఇద్దరు పరిశోధకులు చూపించింది ఇదే, గుంపు పెరిగేకొద్దీ వేటాడేదానికి వేట దొరకడం తగ్గింది. అయితే ఒక షరతుంది, గుంపులో అన్నీ ఒకేలా కనిపించాలి. 1986లో ఒక ప్రయోగంలో వెండిరంగు చిన్న చేపల్లో ఒకటీ రెండింటికి నీలం రంగు వేసి ఎనిమిదింటి గుంపులో కలిపితే, బాస్ చేపకి ఆ గుంపులో వేట సులువైపోయింది, మామూలు చేపలకి కూడా ప్రమాదం పెరిగింది. ఇంకా, ఒక చేపకి గాయమైతే దాని చర్మంలోంచి ఒక పదార్థం నీళ్లలో కలిసి మిగతావాటిని బెదరగొడుతుందని కార్ల్ ఫాన్ ఫ్రిష్ అనే శాస్త్రజ్ఞుడు 1938లోనే మిన్నో చేపల్లో చూపించాడు. మనిషి దగ్గర మాత్రం ఈ అలవాటు అక్కరకి రాదు, చేపల్ని చుట్టేసే రింగు వల వేసేవాళ్లకి కావాల్సిందే గుంపు.

మరి మంద అనే మాట చేపలకి అసలు పనికిరాదా అంటే ఒకచోట భలే పనికొస్తుంది. తెలంగాణ రాష్ట్ర చేప కొర్రమీను ఉంది కదా, దాని పిల్లలు ఎర్రగా, ముద్దలా ఒకచోట చేరి చెరువులో పైపైన తేలుతుంటాయి, కిందే తల్లో తండ్రో కాపలా ఉండి దగ్గరికొచ్చినదాని మీదకి దూకుతుంది. కాపరి ఉన్నాడు, పిల్లలున్నాయి, ఇంటినిండా పిల్లల మంద అనే వాడుకా మనకుంది. అక్కడ "కొర్రమీను పిల్లల మంద" అని రాస్తే నేనైతే మెచ్చుకుంటాను.

మిడతల దండులో దండెత్తడం ఉంది, చీమల బారులో వరస ఉంది, అవి వాటికే ఉంచుదాం. జీవశాస్త్రంవాళ్లు ఊరికే కలిసి తిరిగేదాన్ని షోల్ అని, అన్నీ ఒకే దిక్కుకి ఒకే వేగంతో ఈదేదాన్ని స్కూల్ అని విడదీస్తారు, ఆ తేడా తెలుగులో చూపించాల్సి వస్తే మొదటిదాన్ని గుంపు, రెండోదాన్ని బారుతీరిన గుంపు అనండి, చదివేవాళ్లకి బొమ్మ కనిపిస్తుంది.

క్రియ సంగతి తేలికే. గుంపు ఏకవచనం, కాబట్టి "చేపల గుంపు వెళ్తోంది", "గుంపు రెండుగా చీలి సొరచేప వెనక మళ్లీ కలిసింది". జనం వచ్చారు అంటాం కదా అని కొందరు వాదిస్తారు, అక్కడ జనం అంటేనే మనుషులు, ఆ లెక్క వేరు. బహువచనం కావాలంటే చేపల్ని ముందు పెట్టండి, "చేపలు గుంపుగా వెళ్తున్నాయి". మీ పాప పుస్తకంలో ఆ వాక్యాన్ని "చేపల గుంపు ఈదుకుంటూ వచ్చింది" అని పెన్సిల్‌తో దిద్దేయండి, పబ్లిషర్‌కి కూడా ఒక ఉత్తరం ముక్క రాయండి, రెండో ముద్రణలో మారుస్తారు.