99 రూపాయల హోస్టింగ్ ప్లాన్ గిట్టదండీ

భీమవరంలో రొయ్యల మేత షాపులకు నెలకు 99కే హోస్టింగ్ (వెబ్‌సైట్‌ను నెట్‌లో ఉంచే సర్వర్ చోటు) ఇస్తే గిట్టుతుందా అని అడిగారు. గిట్టదండీ. మీరు రీసెల్లర్ ప్యాకేజీకి, అంటే టోకున కొని షాపులకు విడిగా అమ్ముకునే హోస్టింగ్‌కి, నెలకు 1,500 కడుతున్నారు, 30 ఖాతాలు పడతాయన్నారు. 30తో భాగించకండి, మొదటి ఏడాది సగం నిండితే గొప్పే. 15తో భాగిస్తే ఖాతాకు 100, అమ్మకముందే రూపాయి నష్టం. ఆపైన పేమెంట్ గేట్‌వే (ఆన్‌లైన్ చెల్లింపులు తీసుకునే సర్వీసు) కోత, బ్యాకప్, మెయిల్ వెళ్లట్లేదని రాత్రి పదింటికి ఫోన్లు. అసలు ఖర్చు ఆ ఫోన్లే! నేనైతే నెలకు 250 పెట్టి, 18 శాతం జీఎస్టీ వర్తిస్తే విడిగా చూపిస్తాను. ఏడాది డబ్బు ముందే తీసుకోండి. చెరువుల్లో రొయ్యల పట్టుబడులయ్యాక, రైతుల బాకీలు వసూలైనప్పుడు అడిగితే పెద్దగా బేరమాడరు. డొమైన్ (వెబ్‌సైట్ పేరు) ఉచితమనకండి, రెన్యువల్ ధర సాధారణంగా మొదటి ఏడాది ఆఫర్ కంటే ఎక్కువే. ‘అన్‌లిమిటెడ్’ అని అసలు రాయొద్దు.