బొచ్చు నీళ్ళలో పోయిందా?

ప్రశ్న: మనుషుల పూర్వీకులు చాలాకాలం నీళ్ళలో బతికారనీ, అందుకే మన ఒంటి మీద బొచ్చు లేదనీ మా అబ్బాయి ఏదో వీడియో చూసి వాదిస్తున్నాడు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: మీవాడి వాదన పాతదేనమ్మా. అలిస్టర్ హార్డీ అనే బ్రిటిష్ సముద్రజీవ శాస్త్రవేత్తకి ఈ ఆలోచన వచ్చింది. నవ్వుతారేమోనని ముప్ఫై ఏళ్ళు మనసులోనే దాచుకుని, 1960లో బ్రైటన్‌లో ఈతగాళ్ళ సభలో బయటపెట్టాడు. తిమింగలాల్లాగే మనకీ చర్మం కింద కొవ్వు పొర ఉందన్నది ఆయన పట్టుకున్న ఆధారం. తర్వాత ఎలేన్ మోర్గాన్ అనే వేల్స్ రచయిత్రి దీన్ని జనంలోకి తీసుకెళ్ళింది. శాస్త్రవేత్తల్లో ఎక్కువమంది మాత్రం ఒప్పుకోలేదు.

నేను డిగ్రీ కాలేజీలో జువాలజీ చెప్పేటప్పుడు ఏటా ఒక కుర్రాడైనా ఇదే అడిగేవాడు. "మరి రోజంతా ఏట్లో ఈదే నీటికుక్కకి అంత ఒత్తు బొచ్చెందుకురా?" అనేవాణ్ణి.

బొచ్చు పోవడానికి ఎక్కువమంది చెప్పే కారణం చెమట. మా నాన్న కోతల రోజుల్లో పొలం నుంచి వస్తే నీలం చొక్కా వీపంతా తెల్లటి చారలుండేవి. "ఉప్పుమడి కట్టుకొచ్చారా?" అని అమ్మ నవ్వేది. మన ఒంటి మీద 20 నుంచి 40 లక్షల చెమట గ్రంథులున్నాయి. ఎండలో గట్టిగా పనిచేస్తే గంటకి లీటరు పైనే పోతుంది. ఆ చెమట ఆరితేనే ఒళ్ళు చల్లబడేది. బొచ్చుంటే అంత తేలిగ్గా ఆరదు. ఆఫ్రికా మైదానాల్లో మిట్టమధ్యాహ్నం తిరిగినవాళ్ళకి ఇది పెద్ద వరమే.

ఇంత చెమట పోస్తాం కాబట్టి కోతుల కంటే మనకే నీళ్ళు ఎక్కువ కావాలనుకుంటాం కదా? నేనూ అలాగే అనుకునేవాణ్ణి. 2021లో హెర్మన్ పాంట్జర్ అనే అమెరికా శాస్త్రవేత్త బృందం కొలిచి చూస్తే తిరగబడింది. మనిషి ఒంట్లోకి వచ్చి పోయే నీరు రోజుకి సుమారు 3 లీటర్లైతే, జూలలో తీరిగ్గా కూర్చునే చింపాంజీలు, గొరిల్లాల్లాంటి వాటికి దాదాపు రెట్టింపు! అంటే ఏటి గట్టు వదిలి దూరం పోగల ఒళ్ళు మనది. బయటికి పొడుచుకొచ్చిన ముక్కు, వదిలే ఊపిరిలోని తేమని కొంత వెనక్కి పడుతుందేమోనని వాళ్ళ ఊహ. అది ఊహే, ఇంకా తేలలేదు.

మీవాణ్ణి ముందు నీటికుక్క సంగతి అడగండి. గడుసువాడైతే "మరి తిమింగలానికి బొచ్చు లేదుగా?" అంటాడు. అది ఈనడం కూడా నీళ్ళలోనే, నీటికుక్కలాగానో మనలాగానో ఒక్కపూట కూడా గట్టెక్కదు అని చెప్పండి.